ఆగస్టు చివర పెరటి పనులు: ఫ్రాస్ట్ పడేలోపు ఏది ఎప్పుడు? (సెంట్రల్ న్యూజెర్సీ)

పెరటిపిచ్చి_ఎడిసన్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది సెంట్రల్ న్యూజెర్సీ, జోన్ 7 (చలి తీవ్రతను బట్టి అమెరికాలో చేసిన విభజన). 4×8 అడుగుల రైజ్డ్ బెడ్లు (నేలకన్నా ఎత్తుగా మట్టి నింపిన మళ్ళు) నాలుగున్నాయి, ఇవి కాక కుండీలు. ఇవాళ్టికి పరిస్థితి ఇదీ:

సొరపాదు పందిరంతా అల్లుకుంది. ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా వస్తోంది. పిందెలు బొటనవేలంత అయ్యాక పసుపు తిరిగి కుళ్ళిపోతున్నాయి. టమాటాలకు పచ్చికాయలు బోలెడు, పైన ఇంకా పూత వస్తూనే ఉంది. గోంగూర ఐదడుగులు పెరిగింది, ఒక్క మొగ్గ లేదు. చిక్కుడూ అంతే, ఆకు తప్ప పూత లేదు. దొండపాదు నేలలో ఉంది. కుండీల్లో కరివేపాకు (15 అంగుళాల కుండీ), మల్లె, తులసి, మునగ.

అడగాల్సినవి:
1. సొర, టమాటా నుంచి ఇంకా కాపు ఆశించవచ్చా, పీకేసి ఆకుకూరలు వేసుకోవాలా?
2. గోంగూర, చిక్కుడు విత్తనం కట్టుకోవడం ఎలా?
3. కుండీలు ఎప్పుడు లోపలికి తేవాలి? తెచ్చిన నెలకే కరివేపాకు ఆకంతా రాలిపోతుందని అందరూ అంటున్నారు, ఎందుకు?
4. బెడ్లకు ఇప్పుడే సున్నం, ఎరువు వేయాలా?

గట్టుమీదగుమ్మడి:

ముందు ఒక మాట. పగలు 85 డిగ్రీలు ఉంది కదా, ఇంకా ఎండాకాలమే అనుకుంటే పనులన్నీ వెనకబడతాయి. ఇప్పటి నుంచి వాతావరణం యాప్‌లో చూడాల్సింది రాత్రి ఉష్ణోగ్రత. (నేను రాసేవన్నీ ఫారెన్‌హీట్‌లో.) రాత్రి 55కి దిగితే సొర, బీర, కాకర దాదాపు ఆగిపోతాయి. 50కి దిగితే టమాటా పండటం మందగిస్తుంది, తులసి ఆకు నల్లబడటం మొదలవుతుంది. 32 అంటే ఫ్రాస్ట్ (నీరు గడ్డకట్టే చలి), తీగజాతి అంతా ఒక్క రాత్రిలో పోతుంది. 28 అంటే అంతా గడ్డకట్టే గట్టి చలి, దానికి పాలకూర, వెల్లుల్లి లాంటివి తప్ప ఏవీ ఆగవు. మీ ప్రాంతంలో తొలి ఫ్రాస్ట్ మామూలుగా అక్టోబరు రెండు, మూడు వారాల్లో. పల్లంలో ఉన్న ఇళ్ళకు ఇంకా ముందే పడుతుంది, చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి జారుతుంది కాబట్టి. అక్టోబరు 15 అని పెట్టుకుని వెనక్కి లెక్క కట్టండి.

టమాటా: పువ్వు నిలిచినప్పటి నుంచి కాయ పండటానికి 45 నుంచి 60 రోజులు. అంటే ఆగస్టు చివర విచ్చిన పువ్వు మీకు పండు ఇవ్వదు, ఉన్న కాయల బలం లాగుతుంది, అంతే. సెప్టెంబరు మొదటి వారంలో ప్రతి కొమ్మ చివరా తుంచేయండి. గోలీకాయంత దాటని పిందెలూ తీసేయండి. పిలకలు వదలొద్దు. నీళ్ళు మాత్రం క్రమం తప్పకూడదు. వారం ఎండబెట్టి ఒక్కసారి తడిపితే కాయలు పగులుతాయి.

ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన రోజు మధ్యాహ్నం కాయలన్నీ కోసేయండి. ఏది ఇంట్లో పండుతుందో తెలియాలంటే అదే సైజు కాయ ఒకటి అడ్డంగా కోసి చూడండి. గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తికి గింజ తెగకుండా పక్కకు జారితే ఆ సైజువన్నీ పండుతాయి. గింజ తెగిందంటే అది పచ్చడి కాయే. పండేవాటిని ఒకదానికొకటి తగలకుండా అట్టపెట్టెలో పరిచి, పైన కాగితం కప్పి 60–70 డిగ్రీల గదిలో పెడితే రెండు మూడు వారాల్లో రంగు తిరుగుతాయి. ఎండ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఆ రంగు మీద అలాగే ఉండిపోతాయి.

సొర: పిందె పసుపు తిరిగి కుళ్ళుతోందంటే నూటికి తొంభై పాళ్ళు పరాగం అందలేదు. ఎరువు తక్కువై కాదు. సొర పువ్వు, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. పగలు తిరిగే తేనెటీగలు అప్పటికి గూటికి చేరి ఉంటాయి. కాబట్టి పొద్దుగూకాక టార్చి పట్టుకుని మీరే చేయాలి. సన్నటి కాడ మీద ఉన్నది మగపువ్వు, కింద బుల్లి సొరకాయ ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు తెంపి రేకలు వెనక్కి విరిచి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు లోపలి మూడు బొడిపెలకూ మెత్తగా రాయండి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకు చాలు. పడిందో లేదో మూడు రోజుల్లో తెలుస్తుంది, పిందె మీద నూగు మెరుస్తూ కాడ వంగితే నిలిచినట్టు. కాయ 12–15 రోజుల్లో కోతకొస్తుంది. రాత్రులు చల్లబడ్డాక ఇంకాస్త ఎక్కువ. అందుకే సెప్టెంబరు 15 తర్వాత నిలిచిన పిందె మీద ఆశ పెట్టుకోకండి.

తెల్లటి పిండి అంటే బూడిద తెగులు. దీనికి ఆకు తడవాల్సిన పని లేదు. పగలు వేడి, రాత్రి గాలిలో చెమ్మ, గుబురు, ఇవి చాలు. పూర్తిగా తెల్లబడిన ముదురాకులు తీసేయండి, కానీ ఒక్కసారే మూడో వంతుకు మించి తీయొద్దు, కాయను పెంచేది ఆ ఆకులే. మిగిలిన వాటికి ఒక గ్యాలన్ నీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ పొటాషియం బైకార్బనేట్, అర టీస్పూన్ ఇన్‌సెక్టిసైడల్ సోప్ (మొక్కల పురుగులకు వాడే సబ్బు ద్రావణం) కలిపి ఆకు రెండు వైపులా వారానికోసారి కొట్టండి. గంధకం వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: 90 డిగ్రీలు దాటిన రోజున గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కొట్టినా మాడుతుంది.

ఇక పీకాలా వద్దా అంటే, ఒక బెడ్ మాత్రం ఇప్పుడే ఖాళీ చేయండి. అన్నిటికన్నా నీరసంగా ఉన్న టమాటా బెడ్ ఏదైతే అది. దానిలో ఒక అంగుళం మందాన కంపోస్ట్ పరవండి. 4×8 బెడ్‌కు 2.7 ఘనపు అడుగులు, అంటే ఘనపు అడుగు సంచులు మూడు. పైపైన కలిపి రేపటికే విత్తుకోవచ్చు.

మెంతులు: ఒక రాత్రి నానబెట్టి ఒత్తుగా చల్లి, పావు అంగుళం మట్టి కప్పండి. నాలుగైదు రోజుల్లో మొలక, నెలలోపు కోత. ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదటి వారం దాకా పది రోజులకోసారి ఒక వరుస వేసుకోవచ్చు.

కొత్తిమీర: ధనియాలు రెండుగా నలిపి, 12 గంటలు నానబెట్టి అర అంగుళం లోతున. మట్టి వేడిగా ఉంటే మొలక సగానికి సగం పడిపోతుంది. వరుస మీద తడి గోనెపట్టా కప్పి, రోజూ ఎత్తి చూసి, మొదటి మొలక కనపడగానే తీసేయండి. ఒక్కరోజు ఆలస్యమైతే మొలకలు పాలిపోయి పడుకుంటాయి.

పాలకూర దగ్గర చాలామంది పొరబడతారు. మన ఇండియన్ దుకాణాల్లో ‘పాలక్’ అని దొరికే ప్యాకెట్లలో చాలావరకు బీట్‌రూట్ జాతి ఆకుకూర. అది వేడికి ఓర్చుకుని ఇప్పుడు కూడా మొలుస్తుంది, కానీ స్పినాచ్ అంత చలి ఓర్వదు. ఇక్కడి స్పినాచ్ దీనికి పూర్తిగా ఎదురు. మట్టి 85 దాటితే మొలవనంటుంది. విత్తనాన్ని తడి పేపర్ టవల్‌లో చుట్టి జిప్ సంచిలో వేసి వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, సెప్టెంబరు మొదటి పది రోజుల్లో వేయండి. అక్టోబరులో కోసుకోండి, పైన రో కవర్ (మొక్కల మీద కప్పే పల్చటి బట్ట) వేస్తే చలికాలమంతా బతికి మార్చిలో మళ్ళీ చిగురిస్తుంది.

చుక్కకూర, ముల్లంగి, ఆవకూర కూడా సెప్టెంబరు మొదట్లోనే. తోటకూర మాత్రం ఇక వద్దు. ఇప్పుడు చల్లితే లేతగా ఒక్క కోత, ఆ తర్వాత చలికి ముడుచుకుపోతుంది.

విత్తన ప్యాకెట్ మీద 30 రోజులని ఉంటే 40–44 అని చదువుకోండి. పొద్దు కురచవుతున్న కొద్దీ పెరుగుదల తగ్గుతుంది. నవంబరు రెండో వారం నుంచి జనవరి చివరి వారం దాకా మన అక్షాంశంలో పగలు పది గంటలకన్నా తక్కువ. ఆ రెండున్నర నెలలు మొక్క బతికి ఉంటుందే గాని పెరగదు.

కుండీలగుంపు:

మూడో ప్రశ్నకు. కరివేపాకు ఆకు రాలడానికి చలి ఒక్కటే కారణం కాదు. ఒకేసారి మూడు మారతాయి: వెలుతురు పదో వంతుకు పడిపోతుంది, హీటర్ గాలికి చెమ్మ పోతుంది, అయినా మనం బయట పోసినట్టే నీళ్ళు పోస్తాం. వీటిలో మొక్కను చంపేది మూడోది.

సెప్టెంబరు మొదటి వారం: కుండీని పూర్తి ఎండలోంచి తీసి చెట్టునీడకో వరండాలోకో మార్చండి. కనీసం పది రోజులు అక్కడే. ఎండలో పెరిగిన ఆకు నీడకు సర్దుకోవాలంటే ఆ వ్యవధి కావాలి.

ఆ పది రోజుల్లోనే పురుగు పని. పైపు నీళ్ళతో ఆకు అడుగుభాగం బలంగా కడగండి. కాడల మీద గోధుమ రంగు బొడిపెల్లా అంటుకుని, గోటితో గీకితే ఊడి వస్తే అది పొలుసు పురుగు. చుట్టూ జిగురు, చీమలు కూడా ఉంటాయి. 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడవండి. తర్వాత ఇన్‌సెక్టిసైడల్ సోప్ డబ్బా మీద చెప్పిన మోతాదులో, సాయంత్రం పూట, వారం ఎడంతో మూడుసార్లు. ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్లలోంచి వచ్చేవి మిగిలిపోతాయి.

దుకాణంలో ‘సిస్టెమిక్’ అని అమ్మే గుళికలు కరివేపాకు కుండీలో వేయకండి. వాటిలో చాలావరకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఉంటుంది. అది వేళ్ళ ద్వారా ఆకులోకి ఎక్కుతుంది, కడిగితే పోయేది కాదు. పోపులో వేసుకునే ఆకు అది.

రాత్రి 55 అని వరసగా మూడు రోజులు సూచన వస్తే లోపలికి. దక్షిణం వైపు కిటికీ, హీటర్ గాలి తగలని చోటు. గ్రో లైట్ (ఎండకు బదులు మొక్కలకు పెట్టే దీపం) పెడితే కొమ్మ కొనకు అడుగు దూరంలో, రోజుకు 12–14 గంటలు. మట్టిలో వేలు పెడితే రెండు అంగుళాల లోతు దాకా పొడిగా తగలాలి, అప్పుడే నీళ్ళు. డిసెంబరులో ఇది రెండు వారాలకోసారే కావచ్చు. మార్చి దాకా ఎరువు వద్దు, కుండీ మార్చొద్దు, కొమ్మలు కత్తిరించొద్దు. అప్పటికీ ఆకంతా రాలితే కాండాన్ని గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్క నిద్రలో ఉంది. ఆకు లేని మొక్క నీళ్ళు తాగదు, ఆ సమయంలో జాలిపడి పోసే నీళ్ళకే వేళ్ళు కుళ్ళేది.

మల్లె: రాత్రి 50 దాకా బయట ఆగుతుంది. లోపల వెలుతురుండే చల్లటి గది (55–60) ఇస్తే బాగుంటుంది. వేడిగదిలో పెడితే ఎర్రనల్లి పట్టి ఆకుల మీద సన్నటి చుక్కలు, సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తాయి. కత్తిరింపు ఫిబ్రవరి చివర.

మునగ: వెలుతురు కూడా అక్కర్లేదు. రెండు మూడు అడుగుల ఎత్తున నరికి, ఆకంతా వండుకుని, మోడును 40కి తగ్గని గ్యారేజ్‌లో పెట్టండి. నెలకో గ్లాసు నీళ్ళు. ఏప్రిల్‌లో చిగురిస్తుంది.

తులసి అన్నిటికన్నా ముందు లోపలికి రావాలి. పెద్ద మొక్క ఎలాగూ ముదిరి గట్టిపడి ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. ఇప్పుడే పూత లేని నాలుగు అంగుళాల కొమ్మలు ఆరు తీసి, కింది ఆకులు దూసి నీళ్ళగ్లాసులో పెడితే పది పదిహేను రోజుల్లో వేళ్ళు వస్తాయి. రెండు చిన్న కుండీల్లో మూడేసి చొప్పున నాటితే కార్తీకమాసానికి ఇంట్లో పచ్చటి తులసి ఉంటుంది. కంకులు కూడా గోధుమ రంగు తిరిగాక దులిపి గింజ దాచుకోండి.

ఇంకొకటి. కుండీలు తెచ్చే ముందు అడుగు, అంచుల కింద తడిమి చూడండి. సెప్టెంబరు నుంచి లాంటర్న్‌ఫ్లైలు (చెట్ల రసం పీల్చే పురుగులు) బూడిదరంగు బురద మెత్తినట్టుండే గుడ్ల పొరలు పెడతాయి. ఒక్కో దాంట్లో 30–50 గుడ్లు. ప్లాస్టిక్ కార్డుతో గీకి సబ్బునీళ్ళలో వేసేయండి. పందిరి కర్రలకూ, కుర్చీల అడుగునా ఇదే పని.

నల్లరేగడి_డాలస్:

న్యూజెర్సీ ముచ్చటే అయినా, ఈ థ్రెడ్ మావాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు.

నాలుగో ప్రశ్నలో సున్నం మాట చూసి టెక్సస్‌లో ఎవరూ సంచి కొనకండి. డాలస్ చుట్టూ ఉన్నది సున్నపురాతి మీద ఏర్పడ్డ నల్లరేగడి. పీహెచ్ (నేల పులుపు ఎంతో చెప్పే కొలత, ఏడు దాటితే క్షారం) ఎనిమిది దరిదాపుల్లో ఉంటుంది. ఇంకా సున్నం వేస్తే ఇనుము అందక కరివేపాకు, మల్లె లేతాకులు ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా తేలతాయి. పొయ్యి బూడిద కూడా అదే పని చేస్తుంది. ఇక్కడ వేయాల్సింది కంపోస్ట్, కావాలంటే కొద్దిగా గంధకం.

డాలస్‌లో మనకు ఫ్రాస్ట్ నవంబరు రెండో సగంలో గాని రాదు. అందుకని పైన చెప్పిన తేదీలన్నిటికీ నెల పైన కలపండి. ఆగస్టు చివర టమాటా కొనలు తుంచొద్దు, రెండో కాపు ఇప్పుడే మొదలవుతుంది. రాత్రి 75కి దిగేదాకా పూత రాలుతుంది, కంగారొద్దు. మెంతి, కొత్తిమీర అక్టోబరులో. దొండ వేళ్ళు నేలలోనే ఉంచి, తీగ కోసేసి ఎనిమిది అంగుళాల మల్చ్ (ఎండుటాకు, గడ్డి లాంటి కప్పు) వేస్తే మామూలు చలికి బతుకుతాయి. 2021 ఫిబ్రవరిలో పడ్డట్టు సున్నా కిందికి పడితే చెప్పలేం, కాబట్టి ఒక దుంప కుండీలో దాచుకోవడం మంచిది.

ఇంకో సంగతి, చుట్టాలకని కరివేపాకు మొక్క కార్లో వేసుకుని రాష్ట్రం దాటించకండి. నిమ్మజాతిని చంపే గ్రీనింగ్ తెగులు మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. టెక్సస్, ఫ్లోరిడాల నుంచి ఈ మొక్క బయటికి పంపడం మీద ఫెడరల్ క్వారంటైన్ ఉంది. కొనేటప్పుడు మీ రాష్ట్రంలో పెంచిన మొక్క అడగండి, లేదంటే తాజా పండు గింజ నాటుకోండి. ఎండిన గింజ మొలవదు.

విత్తులమూట:

గోంగూర, చిక్కుడు సంగతి ఒక్కటే. రెండూ కురచ పగటి మొక్కలు. రాత్రి ఎంత పొడుగు అని అవి లెక్క చూసుకుంటాయి. పగలు పన్నెండున్నర గంటల కిందికి దిగితే గాని గోంగూరకు మొగ్గ పట్టదు. న్యూజెర్సీలో అది సెప్టెంబరు మధ్యలో. మొగ్గ వచ్చి పువ్వు విచ్చేసరికి అక్టోబరు, గింజ ముదరడానికి ఇంకో ఐదారు వారాలు, ఈలోపే ఫ్రాస్ట్. మన ఊళ్ళో అదే గింజ సంక్రాంతి నాటికి ఎండిపోతుంది, అక్కడ ఫ్రాస్ట్ లేదు కాబట్టి. మీ ఎరువులో లోపం ఏమీ లేదు.

పెరట్లో రాత్రంతా వెలిగే సెక్యూరిటీ లైటు గాని వీధి దీపం గాని పడుతోందా చూడండి. ఆ వెలుగు తగిలితే మొక్కకు రాత్రి అయినట్టే తెలియదు, పూత ఇంకా వెనక్కి పోతుంది. చిక్కుడు పందిరి ఒకవైపు పూసి, లైటు వైపు పూయకపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

గోంగూర విత్తనానికి మార్గం: ఐదడుగుల మొక్కను పెకలించకండి, బతకదు. పక్క కొమ్మ ఎనిమిది అంగుళాలు, పెన్సిల్ మందంది కోసి, పై రెండాకులు ఉంచి మిగతావి తీసేసి తడి మట్టిలో గుచ్చండి. నీడలో రెండు వారాలకు వేళ్ళు పడతాయి. సెప్టెంబరు చివర 10 అంగుళాల కుండీలోకి మార్చి లోపలికి తెచ్చుకోండి. ఇక్కడో చిక్కు: పైన కుండీలగుంపు గారు కరివేపాకుకు లైటు 14 గంటలు అన్నారు. అదే లైటు కింద గోంగూర పెడితే ఎప్పటికీ పూయదు. దీనికి వేరే లైటు, టైమర్ పెట్టి 10–11 గంటలే. మిగతా సమయం చీకటి, హాల్లో టీవీ వెలుగు కూడా పడని గది. పువ్వు తనకు తానే పరాగం పట్టుకుంటుంది. కాయ ఎండి కొన విచ్చడం మొదలైతే కోసేయండి. ఒక కొమ్మకు పది కాయలు నిలిచినా వచ్చే ఏడు రెండు బెడ్లకు సరిపడా గింజ. (కాయ మీద నూగు గుచ్చుకుంటుంది, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి.)

పై ఏడు నుంచి ఇంత హైరానా వద్దనుకుంటే ఆగస్టు మొదట్లోనే ఒక కుండీ మొక్కకు సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా నల్ల డబ్బా బోర్లించండి. మూడు వారాలు ఒక్కరోజు కూడా మానకుండా. సెప్టెంబరుకే పూస్తుంది.

ఆకు కోసం పెంచిన మొక్కలను ఫ్రాస్ట్‌కు ముందురోజు మొదలంటా కోసేయాలి. మంచు తగిలిన ఆకు నల్లబడి, వండితే పసరు వాసన వస్తుంది. అంత ఆకు ఒకేసారి వండలేరు కాబట్టి నూనెలో నీరంతా ఇగిరేదాకా మగ్గబెట్టి, కప్పు కప్పు చొప్పున ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పచ్చి ఆకు నేరుగా ఫ్రీజ్ చేస్తే గడ్డిలా అయిపోతుంది.

చిక్కుడుకు ఈ ఏడు చేయగలిగింది తక్కువ. పందిరికి దక్షిణం గోడ వేడి ఉంటే అక్టోబరులో రెండు మూడు కోతలు కూరకు వస్తాయి. వచ్చే ఏడు పగటి పొడుగుతో సంబంధం లేని పొట్టి పొద చిక్కుడు రకం వేసుకోండి. తీగ చిక్కుడుకు, పొద చిక్కుడుకు ప్యాకెట్ మీద బొమ్మ ఒకేలా ఉంటుంది, పేరు కింద చిన్న అక్షరాలు చదవండి.

సొర విత్తనం కావాలంటే ఆగస్టు మొదట్లో నిలిచిన కాయే పనికొస్తుంది. పరాగం పట్టాక 50 రోజులకు తక్కువ కాకుండా తీగ మీదే ఉండాలి. గోరు దిగనంత గట్టిపడి, బరువు తగ్గాలి. అలాంటి కాయ ఇప్పటికే లేకపోతే ఈ ఏటికి వదిలేయండి.

ఇండియా నుంచి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. విత్తనం సంచిలో పెట్టుకొస్తే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు లేవని ఇచ్చే అధికారిక పత్రం) ఉండాలి, విమానాశ్రయంలో చెప్పి తీరాలి. తాజా కరివేపాకునైతే అసలు రానివ్వరు. అందుకే ఇక్కడ కట్టిన విత్తనానికి అంత విలువ.

దొండ: దీనికి గింజ అక్కర్లేదు, కింద దుంప కడుతుంది. గింజ నుంచి పెంచితే సగం మొక్కలు మగవి వస్తాయి కూడా. తొలి ఫ్రాస్ట్‌కు ఆకు మాడిన వెంటనే తీగను ఆరు అంగుళాలు ఉంచి కోయండి. కాండానికి అడుగు దూరం నుంచి పారతో లేపండి, దుంపకు గాటు పడితే అక్కడే కుళ్ళు మొదలవుతుంది. మట్టి దులపండి, కడగొద్దు. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, కాస్త చెమ్మ ఉన్న ఇసుకలో గాని రంపపు పొట్టులో గాని కప్పి 50–55 డిగ్రీల బేస్‌మెంట్‌లో పెట్టండి. నెలకోసారి తడిమి, మెత్తబడిన ముక్క ఉంటే కోసేయండి. మార్చి చివర కుండీలో నాటి, మే నెల మధ్యలో బయటికి.

పెరటిపిచ్చి_ఎడిసన్:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. సెక్యూరిటీ లైటు నిజంగానే చిక్కుడు మీదే పడుతోంది, ఇవాళే ఆర్పేస్తాం. సున్నం సంగతి, మిగిలిన మూడు బెడ్ల సంగతి ఇంకా ఉంది. ఫ్రాస్ట్ రాత్రి ప్లాస్టిక్ షీట్ కప్పితే చాలా?

మట్టిపరీక్ష:

సున్నం వేయాలో వద్దో పరీక్ష చెప్పాలి. న్యూజెర్సీ నేలలు సహజంగా పులుపే, కానీ మీవి రైజ్డ్ బెడ్లు. వాటిలో ఉన్నది కొన్న మట్టి, కంపోస్ట్. దాని పీహెచ్ ఇప్పటికే 6.5–7 మధ్య ఉండొచ్చు. బెడ్‌లో ఎనిమిది పది చోట్ల ఆరు అంగుళాల లోతు దాకా సన్నగా తీసి, బకెట్లో కలిపి, నీడన ఆరబెట్టి, రెండు కప్పులు రట్గర్స్ విశ్వవిద్యాలయం నేల పరీక్షల ల్యాబ్‌కు పంపండి. బెడ్లు నాలుగూ ఒకే మట్టితో నింపి ఉంటే ఒక్క నమూనా చాలు. 6.2 కన్నా తక్కువ వస్తేనే సున్నం, వాళ్ళు చెప్పిన మోతాదులో. సున్నం మట్టిలో కరిగి పని చేయడానికి నెలలు పడుతుంది, అందుకే ఈ పని వసంతంలో కాకుండా ఇప్పుడు. నత్రజని ఎరువు మాత్రం ఇప్పుడు ఖాళీ బెడ్‌కు వద్దు. చలికాలం వానలకు కొట్టుకుపోతుంది, మీ డబ్బు చెరువులో కలుస్తుంది.

మూడు బెడ్లలో ఒకటి వెల్లుల్లికి. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారం లోపు. ఇండియన్ దుకాణం పాయలు వద్దు, మెత్తటి కాడ రకాలు ఎక్కువ, తెగులు మోసుకొచ్చే ప్రమాదం కూడా. గట్టి కాడ రకం విత్తనపు పాయలు ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, సెప్టెంబరు చివరకు అయిపోతాయి. నాటే రోజునే రెబ్బలు విడదీసి, మొన పైకి ఉండేలా రెండు అంగుళాల లోతు, ఆరు అంగుళాల ఎడం. ఒక బెడ్‌కు సుమారు వంద రెబ్బలు పడతాయి. పైన ఐదు అంగుళాల ఎండుటాకు. ఆకును లాన్ మోవర్‌తో రెండుసార్లు తొక్కించి తుంపి వేయండి. మేపుల్ ఆకులు నిండుగా వేస్తే తడిసి అట్టల్లా అంటుకుని, గాలీ నీరూ దిగనివ్వవు.

రెండోది టమాటా ఉన్న బెడ్. మచ్చ తెగులు తగిలిన ఆకులు, కాడలు ఇంట్లో కంపోస్ట్‌లో వేయొద్దు. ఇంటి కుప్ప ఆ శిలీంధ్రాన్ని చంపేంత వేడెక్కదు. చెత్తతో పంపేయండి. కింద రాలినవి కూడా ఏరండి, తెగులు చలికాలం గడిపేది వాటిలోనే. వచ్చే రెండు మూడేళ్ళు ఆ బెడ్‌లో టమాటా, వంకాయ, మిరప, ఆలు వద్దు.

మూడోది సెప్టెంబరు 10–15 కల్లా ఖాళీ అయితే ఓట్స్ చల్లండి, బెడ్‌కు 60 గ్రాములు. ఇవి వంట ఓట్స్ కాదు, విత్తనపు ఓట్స్. డిసెంబరు చలికి వాటంతటవే చచ్చి చాపలా పడుకుంటాయి. ఏప్రిల్‌లో ఆ చాప పక్కకు జరిపి నాటుకోవడమే. అక్టోబరుకు గాని ఖాళీ కాకపోతే వింటర్ రై (చలికి ఆగే ధాన్యపు పైరు) వేయాలి. అది చావదు, వసంతంలో తవ్వి తిరగేయాలి, చిన్న బెడ్లలో అదో నడుం నొప్పి. రెండూ కుదరకపోతే తుంపిన ఆకు నాలుగు అంగుళాలు పరిచేయండి.

ఫ్రాస్ట్ రాత్రికి ప్లాస్టిక్ ఒక్కదాన్నే కప్పొద్దు. అది ఆకుకు తగిలిన చోటల్లా చలి దిగి మాడుతుంది. పాత దుప్పటి గాని రో కవర్ గాని కర్రల మీద నిలబెట్టి, అంచులు నేలదాకా దించి ఇటుకలు పెట్టండి. వేడి వచ్చేది నేల నుంచి. మొక్క నడుముకు కట్టి వదిలేస్తే ఆ వేడి పక్కలనుంచి పోతుంది. అందుకే ఆ రోజు మధ్యాహ్నం మట్టి తడపండి, తడి మట్టి పొడి మట్టికన్నా వేడిని ఎక్కువ దాస్తుంది. పల్చటి రో కవర్ నాలుగు డిగ్రీల దాకా కాస్తుంది, అంటే 28 దాకా ఫరవాలేదు. పొద్దున్న ఎండ రాగానే తీసేయాలి.

చివరిది, పెరటి కుళాయి. నవంబరు మొదట్లో గొట్టం ఊడదీసి, ఇంటి లోపల దాని వాల్వు మూసి, బయటి కుళాయి తెరిచి నీళ్ళు కారనివ్వండి. గొట్టం తగిలించి వదిలేస్తే నీళ్ళు గడ్డకట్టి గోడ లోపల పైపు పగులుతుంది, అది పగిలినట్టు మార్చిలో కుళాయి తిప్పినప్పుడు గాని తెలియదు.

గునుగుపూలు:

అన్నీ కూరగాయలేనా! బంతి, గునుగు, జీనియా ఉన్నవాళ్ళు వాడిన పూలు ఇవాళ్టి నుంచే వారానికి రెండుసార్లు తుంచుతూ ఉండండి. గింజ కట్టనిస్తే బతుకమ్మ నాటికి చెట్టు ఆగిపోతుంది. గునుగు మాత్రం ప్రతి కంకీ తుంచొద్దు, పక్క కొమ్మలవి చిన్నవే వస్తాయి. నడి కంకి ఉంచేసి పక్కవి కోసుకోండి. రాత్రి 40 లోపు సూచన ఉంటే ముందురోజే కాడలతో కోసి బకెట్ నీళ్ళలో చల్లటి గ్యారేజ్‌లో పెడితే నాలుగైదు రోజులు నిలుస్తాయి. సద్దుల నాడు ఎటూ అన్నీ ఒక్కసారే కావాలి.

పెరటిపిచ్చి_ఎడిసన్:

గునుగు నాలుగు మొక్కలున్నాయి, రాయడం మరిచాను. ఒక సందేహం, గోంగూర కొమ్మ ఎర్రకాడదా, తెల్లకాడదా తేడా ఉందా?

విత్తులమూట:

కొమ్మ నాటడానికి తేడా లేదు. మూడు మూడు చొప్పున రెండూ గుచ్చండి, అన్నీ పట్టవు. కుండీల మీద పేరు రాయడం మరవకండి. లేతగా ఉన్నప్పుడు, అదీ గ్రో లైట్ కింద, కాడ ఎరుపు అంతగా తేలదు.